కొమ్మల పగడాలు ఎక్కడ పెరుగుతాయి?

(స్వర్ణోత్సవ సమావేశంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి "ఓ అరగంట మాట్లాడాలి, నీ సబ్జెక్టు మీదే మాట్లాడు" అన్నారు. నా సబ్జెక్టు ప్రవాళాలు. హుస్సేన్‌సాగర్ తప్ప వేరే నీళ్లు కనబడని ఊరు మనది. సూర్యలంక తీరానికి పోవాలన్నా దాదాపు 300 కిలోమీటర్లు. ఇక్కడ కూర్చుని సముద్రం అడుగున పెరిగేవాటి ముచ్చట ఎందుకు అని మీకనిపించవచ్చు. కానీ ఈ విషయానికీ మన ఊరికీ రెండు గట్టి సంబంధాలున్నాయి. ఒకటి 1897 నాటిది, ఇంకొకటి ఇవాళ కూడా నడుస్తున్నది. రెండూ దారిలో వస్తాయి.

ముందుగా ఒక చిక్కు విప్పుకోవాలి. పగడం అనగానే మనకు గుర్తొచ్చేది కుజదోషం, బంగారు ఉంగరం, జనరల్ బజార్‌లో నగల కొట్టు. ఆ ఎర్ర పగడం ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వస్తుంది. అది మన తీరంలో దొరికే వస్తువు కాదు. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సుంకం కట్టవలసిన సరుకుల జాబితా ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలతో పాటు పగడాలు కూడా అందులో ఉన్నాయి. అంటే అప్పటికే ఓడల మీద వచ్చే సరుకన్నమాట. ఆ ఉంగరం పగడాన్ని కట్టే జీవికి ఎనిమిది స్పర్శకాలుంటాయి. నేను చెప్పబోయే రాతి ప్రవాళాల జీవులకు ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు ఇలా ఆరు లెక్కన ఉంటాయి. రెండూ చుట్టాలే, కానీ దూరపు చుట్టాలు. సముద్రంలో దిబ్బలు కట్టేవి ఈ రెండోవి. పాఠ్యపుస్తకంలో వీటి కట్టడాన్ని 'ప్రవాళ భిత్తిక' అన్నారు. పరీక్షలో రాసినప్పుడు నాకు ఆ మాట నోరు తిరగలేదు. భిత్తిక అంటే గోడ. ఇవాళ్టికి దిబ్బ అనుకుందాం, హాయిగా ఉంటుంది.

రాతి ప్రవాళం చూడటానికి చెట్టులా ఉంటుంది, ముట్టుకుంటే రాయి, నిజానికి జంతువు. కొన్ని మిల్లీమీటర్ల పాలిప్‌లు వేలకొద్దీ పక్కపక్కన చేరి, కింద సున్నపురాయి గిన్నెలు కట్టుకుంటూ పోతాయి. ఒక పాలిప్‌కూ పక్క పాలిప్‌కూ మధ్య పలచటి కండ కలిసే ఉంటుంది. ఒకటి తిన్నది ఇంకొకదానికి అందుతుంది. ఆ కండలో, కణాల లోపల, ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. వాటి పేరు జూజాంథెల్లే. అవి ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరిపి, తయారైన చక్కెరలో పెద్ద వాటా ప్రవాళానికి ఇస్తాయి. ప్రవాళం వాటికి చోటు, నత్రజని, కార్బన్ డయాక్సైడ్ ఇస్తుంది. రాయి కట్టే పని కూడా ఎండ ఉన్నప్పుడే చురుగ్గా సాగుతుంది. మనం చూసే ఆ గోధుమ, పచ్చ రంగుల్లో చాలా భాగం ఈ అద్దెకున్నవాళ్లదే.

ఇప్పుడు మొదటి సంబంధం. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం మనందరికీ తెలిసిందే, పాత విమానాశ్రయం దగ్గర. మలేరియా పరాన్నజీవి, ప్రవాళంలోని శైవలం పూర్వం ఒకే పెద్ద కుటుంబం. ఆల్వియొలేటా అంటారు ఆ కుటుంబాన్ని. మలేరియా క్రిమిలో నేటికీ ఒక చిన్న అవశేషం ఉంది, మొక్కల హరితరేణువుకు చుట్టం. దాని పూర్వీకులు ఒకప్పుడు ఎండ తిని బతికినవన్న దానికి అది గుర్తు. ఇంకా విచిత్రం, ఆ రెంటి మధ్యా వంతెనలాంటి ఒక జీవి దొరికింది. పేరు క్రోమెరా వీలియా. ఆస్ట్రేలియాలో సిడ్నీ హార్బర్‌లోని ఒక రాతి ప్రవాళం నుంచి దాన్ని వేరు చేశారు, 2008లో ప్రకటించారు. అది మలేరియా క్రిమికి దగ్గర చుట్టం, అయినా ఎండతో ఆహారం చేసుకుంటుంది. ఒక జంతువు కణంలోకి చొరబడి ఉండటం అనే విద్యను ఒక శాఖ దొంగతనానికి వాడుకుంది, ఇంకొక శాఖ కాపురానికి వాడుకుంది. రాస్ భవనం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

సరే, కొమ్మల సంగతి.

రాతి ప్రవాళాలు రకరకాల ఆకారాల్లో పెరుగుతాయి. బండలాగా, మెదడులాగా, పళ్లెంలాగా, ఆకులాగా, కొమ్మలాగా. బండ ప్రవాళం పోరైటిస్ ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతుంది. దుప్పి కొమ్ముల్లాంటి అక్రోపోరా ఏడాదికి 10 సెంటీమీటర్లు, అంతకంటే ఎక్కువ కూడా సాగుతుంది. ఎలా? అక్రోపోరా కొమ్మ కొసన ఒక పెద్ద పాలిప్ ఉంటుంది. అదే ముందుకు పోతుంది, కొత్త చిన్న పాలిప్‌లు దాని పక్కల నుంచి పుడతాయి. కొస తెల్లగా కనబడుతుంది, ఎందుకంటే అక్కడ శైవలాలు తక్కువ. కొసకు కావలసిన తిండి కింద ఉన్న పాలిప్‌లు సంపాదించి పంపుతాయి. ఊళ్లో ఉన్నవాళ్లు కష్టపడి పట్నంలో చదివే పిల్లవాడికి డబ్బు పంపినట్టు. అందుకే ముందు సన్నటి, గుల్లగా ఉండే రాయితో గబగబా పొడుగు సాగుతుంది. తరువాత తీరిగ్గా కింద భాగాన్ని లావు చేసి గట్టిపరుస్తుంది. పోసిలోపోరా, స్టైలోఫోరా, సీరియాటోపోరా కూడా కొమ్మలేసేవే, కానీ వాటికి ఈ కొస పాలిప్ ఏర్పాటు లేదు.

ఇవి ఎక్కడ పెరుగుతాయో తెలియాలంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి ఓసారి నడవాలి. నేను ఎక్కువ కాలం పనిచేసింది అండమాన్‌లో కాబట్టి అక్కడే నడుద్దాం. పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, తెలుగువాళ్లకు కొదవ లేదు. చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు. చేపల మార్కెట్‌లో బేరం మన భాషలోనే ఆడవచ్చు. పాత 20 రూపాయల ఎర్ర నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య నుంచి సముద్రం, దూరంగా లైట్‌హౌస్ ఉన్న బొమ్మ గుర్తుందా? అది మౌంట్ హారియట్ మీద నుంచి కనబడే నార్త్ బే. ఆ నీళ్ల కింద ఉన్నదే మన దిబ్బ.

ఒడ్డు దాటగానే దిబ్బ పైభాగం, చదునుగా, మోకాలి లోతు నీళ్లు. పాటు వచ్చినప్పుడు ఇది గాలికి బయటపడుతుంది. మధ్యాహ్నం ఎండ, వర్షాకాలంలో మీద పడే మంచినీళ్లు, రెండూ తట్టుకోవాలి. ఇక్కడ పొడుగు కొమ్మలకు చోటు లేదు. నీటిమట్టం దాటి పెరిగిన కొస ఎండి చస్తుంది. బండ ప్రవాళాలు కూడా ఇక్కడ పైకి పెరగలేక పక్కలకు పెరిగి, తల చదునైన పీటల్లా మారతాయి.

దిబ్బ వెనక ఇసుక అడుగున్న నిశ్చలమైన గుంటలు ఉంటాయి. అక్కడే పొడుగు, సన్నని దుప్పి కొమ్ముల అడవులు. ఒక్కొక్క పొద మనిషి ఎత్తు ఉండవచ్చు. అలల తాకిడి లేదు కాబట్టి సన్నటి కొమ్మ విరగదు. ఇసుకలో పునాది లేకపోయినా కింద పాత కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అవే నేల అవుతాయి. నీలిరంగు చిన్న చేపల గుంపులు ఈ కొమ్మల పైన ఆడుతూ, మన నీడ పడగానే ఒక్కసారిగా కొమ్మల్లోకి దూరిపోతాయి. మళ్లీ బయటికి వస్తాయి. గంటసేపు చూసినా విసుగు పుట్టదు.

ఇంకా ముందుకు పోతే దిబ్బ అంచు. సముద్రం వచ్చి విరుచుకుపడేది ఇక్కడే. ఇక్కడ కూడా కొమ్మల ప్రవాళాలే ఉన్నాయి, కానీ పోల్చుకోలేరు. బొటనవేళ్లలాగా పొట్టిగా, లావుగా, దగ్గరదగ్గరగా. అక్రోపోరా హ్యుమిలిస్, అక్రోపోరా డిజిటిఫెరా ఇలాంటివి. అల కొట్టినా విరగనంత పొట్టి. పైగా అల కొట్టే చోట మేలు కూడా ఉంది. నీళ్లు కదులుతూ ఉంటే ఆక్సిజన్ అందుతుంది, చెత్త కొట్టుకుపోతుంది, మీద మట్టి నిలవదు.

అంచు దిగి వాలు మీదికి వస్తే 5, 10 మీటర్ల లోతులో అలల జోరు తగ్గుతుంది, వెలుతురు ఇంకా పుష్కలం. నా లెక్కలో దిబ్బ మొత్తంలో శ్రీమంతమైన చోటు ఇదే. బల్లల్లాగా పరుచుకున్న అక్రోపోరాలు ఇక్కడ కనిపిస్తాయి. ఒక కాడ మీద నిలబడి గొడుగు విప్పినట్టు పక్కలకు కొమ్మలు అల్లుకుంటూ పోతాయి. దాని కింద నీడ పడుతుంది, ఆ నీడలో ఇంకొక ప్రవాళం పెరగలేదు. చోటు కోసం పోట్లాట ఇక్కడే ఎక్కువ. కొమ్మల జాతుల వ్యూహం ఒకటే, త్వరగా పైకి పోయి పక్కవాడి వెలుతురు లాగేసుకోవడం. బండ ప్రవాళాలు ఊరుకుంటాయా? కొన్ని రాత్రిపూట పొడుగాటి స్పర్శకాలు చాపి పక్క కొమ్మను కుట్టి చంపుతాయి.

20, 30 మీటర్ల కిందికి పోయేసరికి వెలుతురు నీలంగా, పలచగా అవుతుంది. కొమ్మలు అరుదవుతాయి. పళ్లేలు, ఆకులు ఎక్కువవుతాయి. తక్కువ సున్నంతో ఎక్కువ వెడల్పు పరిచి దొరికిన వెలుతురు పట్టుకోవాలి కదా. ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన మొక్క కిటికీ వైపు తిరగడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ మాత్రం ఆకారమే మారిపోతుంది. పోసిలోపోరా డామికార్నిస్ అనే ఒకే జాతి నిశ్చలమైన నీళ్లలో సన్నటి కొమ్మలేస్తుంది, అలల చోట మొద్దుగా ఉంటుంది. దీనివల్ల పాతకాలం శాస్త్రవేత్తలు ఒకే జాతికి అరడజను పేర్లు పెట్టారు. వాటిని విడదీయలేక కళ్లు కాయలు కాసిన రోజులు నాకూ ఉన్నాయి.

ఒక మినహాయింపు చెప్పాలి, లేకపోతే జువాలజీ మేడమ్ ఊరుకోరు. శైవలాలు లేకుండా, చీకట్లో, చలినీళ్లలో కొమ్మలేసే రాతి ప్రవాళాలూ ఉన్నాయి. నార్వే తీరంలో 300, 400 మీటర్ల లోతులో అవి కిలోమీటర్ల పొడుగు దిబ్బలు కట్టాయి. ఆ లోకం వేరు. ఇవాళ దాని జోలికి పోను.

మరి మన ఆంధ్ర తీరంలో దిబ్బలు ఎందుకు లేవు? ఇంత పొడుగు తీరం, ఇంత ఎండ, వెచ్చటి నీళ్లు. కారణం గోదావరి, కృష్ణ. ఇంకా పైన మహానది, గంగ, బ్రహ్మపుత్ర. వానాకాలంలో ఇవన్నీ కలిసి బంగాళాఖాతం పడమటి ఒడ్డున నీళ్ల ఉప్పదనం తగ్గించేస్తాయి, బురద తెచ్చి పోస్తాయి. ప్రవాళం పిల్ల, దాన్ని ప్లానులా అంటారు, నీళ్లలో తేలుతూ వచ్చి గట్టి రాయి మీద అతుక్కోవాలి. బురదలో అతుక్కోలేదు. విశాఖ దగ్గర రాతి అడుగున్న చోట్ల కొన్ని రాతి ప్రవాళాలు కనబడతాయి కానీ దిబ్బ కట్టేంత బలం లేదు. మనకు అన్నం పెట్టే ఒండ్రుమట్టే వాటిని రానివ్వలేదు. అందుకని నేను గోదావరిని తప్పు పట్టను.

దేశంలో దిబ్బలున్న ముఖ్యమైన చోట్లు నాలుగు. అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ. కచ్‌లో నీళ్లు మురికి, చలికాలం చలి, ఎండాకాలం ఎండ, పాటుపోట్ల తేడా విపరీతం. అందువల్ల అక్కడ బండ ప్రవాళాలదే రాజ్యం, కొమ్మలవి అరుదు. కొమ్మల ప్రవాళాలు బాగా కనబడుతున్నాయంటే నీళ్లు తేటగా, స్థిమితంగా ఉన్నాయని అర్థం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. త్వరగా పెరిగేవి త్వరగా పోతాయి కూడా. తుఫాను వస్తే ముందు విరిగేది కొమ్మ. ముళ్లకిరీటం అనే నక్షత్రచేప దిబ్బ మీద పడితే ముందు తినేది అక్రోపోరాను. ఈ రెండూ కొత్తవి కావు. విరిగిన కొమ్మ మంచి చోట పడితే మళ్లీ అతుక్కుని పెరుగుతుంది, కరివేపాకు పిలక నాటినట్టు. పోసిలోపోరా కొమ్మల మధ్య కాపురముండే చిన్న పీతలు ముళ్లకిరీటం దగ్గరికొస్తే దాని కాళ్లు గిల్లి తరుముతాయి. ఇల్లు కాపాడుకునే అద్దెదారులు.

కొత్తది వేడి. మామూలుగా వేసవిలో ఉండే గరిష్ఠ సగటు కంటే నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే నిలిస్తే, శైవలాల్లో కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి విషపదార్థాలు పుడతాయి. ప్రవాళం వాటిని బయటికి నెట్టేస్తుంది. రంగు పోయి, పారదర్శకమైన కండ కింద తెల్లటి రాయి కనబడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. తెల్లబడిన ప్రవాళం చచ్చినట్టు కాదు, ఆకలితో ఉన్నట్టు. నీళ్లు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి వస్తాయి. చల్లబడకపోతే చస్తుంది. ఈ వరసలో ముందుండేవి కొమ్మల ప్రవాళాలే. కండ పలచన, నిల్వ తక్కువ. బండ పోరైటిస్ కండ మందం, చాలాసార్లు గండం గడిచి బయటపడుతుంది.

1998లో, 2010లో, 2016లో మన దిబ్బలు ఇలా తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి సామూహిక బ్లీచింగ్ నడుస్తోందని ప్రకటించారు, ఆ ఏడాది లక్షద్వీప్ కూడా దెబ్బతిన్నది. 2010 మే నెలలో నేను నార్త్ బే నీళ్లలోకి దిగాను. అక్రోపోరా పొదలు మంచు కురిసినట్టు తెల్లగా ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన పర్యాటకులు ఎంత అందంగా ఉందో అంటున్నారు. కొన్ని వారాలకు వాటి మీద గోధుమరంగు పాచి పట్టింది. తరువాతి కాలంలో కొమ్మలు ఒక్కొక్కటిగా విరిగి అడుగున గులకరాళ్ల గుట్ట అయ్యాయి. నీలి చేపలు దాక్కునే చోటు లేక పోయాయి. బండలు మాత్రం అక్కడక్కడ మిగిలాయి. ప్రవాళం పూర్తిగా పోలేదు కదా అని కాగితం మీద లెక్క చూపవచ్చు. కానీ గదులన్నీ కూలిపోయి పునాది రాళ్లు మిగిలిన ఇంటిని ఇల్లు అనలేం.

2004 డిసెంబరు 26 భూకంపం ఇంకొక రకం. ఉత్తర అండమాన్ పడమటి తీరం ఒక మీటరుకు పైగా పైకి లేచింది. దిబ్బల పైభాగాలు నీళ్ల నుంచి బయటపడి ఎండిపోయాయి. నికోబార్ దక్షిణాన నేల కుంగింది. అది ప్రకృతి దెబ్బ. అలాంటిది శతాబ్దాలకు ఒకటి. కోలుకోవడానికి కావలసినంత కాలం మధ్యలో దొరుకుతుంది. కొమ్మల ప్రవాళం మళ్లీ అడవి కావడానికి పది, పదిహేనేళ్లు పట్టవచ్చు. వేడి దెబ్బలు 2010 తరువాత ఆరేళ్లకే మళ్లీ వచ్చాయి. లెక్క మీరే చూసుకోండి.

ఇక రెండో సంబంధం. ఇక్కడి నుంచి ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట దూరంలో, ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. 2004 తరువాత సునామీ హెచ్చరికలు ఇస్తున్నది అక్కడి నుంచేనని చాలామందికి తెలుసు. ప్రవాళాల బ్లీచింగ్ హెచ్చరికలు కూడా 2011 నుంచి అక్కడి నుంచే వెళ్తున్నాయని మాత్రం తక్కువమందికి తెలుసు. ఉపగ్రహం పంపిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత తీసుకుంటారు. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఎంత ఎక్కువ ఉంది, ఎన్ని వారాలు అలా నిలిచింది అని రెండూ కలిపి లెక్కగడతారు. ఒక డిగ్రీ ఎక్కువ నాలుగు వారాలు ఉన్నా, రెండు డిగ్రీలు రెండు వారాలు ఉన్నా లెక్క నాలుగే. నాలుగు దాటితే చెప్పుకోదగ్గ బ్లీచింగ్ ఉంటుందని, ఎనిమిది దాటితే చావులు మొదలవుతాయని ప్రపంచమంతా వాడే కొలత. సముద్రం లేని మన ఊళ్లో కూర్చున్నవాళ్లు ఈ లెక్క చూసి చెబితే, అండమాన్‌లో ఉన్నవాళ్లు ఏ దిబ్బ దగ్గర డైవింగ్ కొన్నాళ్లు ఆపాలో, ఎక్కడ లెక్కలు తీయాలో ముందే సిద్ధపడవచ్చు. హెచ్చరిక నీళ్లను చల్లబరచదు. కానీ ఆ వారాల్లో పడవల లంగర్లు, మురుగునీళ్లు, పర్యాటకుల కాళ్లు అనే అదనపు బాధలు తగ్గించవచ్చు. ఆకలితో ఉన్నవాణ్ని కొట్టకుండా ఉండటం.

మన బడి వాళ్లకు నా విన్నపాలు రెండే. తొమ్మిదో తరగతి పిల్లలను ఏడాదికోసారి ఇన్‌కాయిస్‌కు తీసుకెళ్లడానికి అనుమతి అడిగి చూద్దాం, ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు నేను చూసుకుంటాను. రెండోది, ఎవరైనా పాత విద్యార్థి అభిమానంతో ల్యాబ్‌కు ప్రవాళం ముక్క తెచ్చి ఇస్తానంటే సున్నితంగా వద్దనండి. 2001 నుంచి రాతి ప్రవాళాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే పులితో సమానం. తీయడం, అమ్మడం నేరం. ఇంట్లో షోకేసులో ఎప్పటిదో ఉంటే అటవీశాఖ వాళ్లను అడిగి నడుచుకోవడం మంచిది. ల్యాబ్‌కు ప్లాస్టర్ నమూనాలు నేను చేయించి పంపుతాను.

(ప్రసంగం అయ్యాక ఒక టీచర్ గారు "విరిగిన కొమ్మలు నాటితే సరిపోదా?" అని అడిగారు. దానికి చెప్పిన జవాబు కూడా ఇక్కడ చేర్చాం. సం.)

మంచి ప్రశ్న మేడమ్. మన్నార్ సింధుశాఖలో తూత్తుకూడి నుంచి రామేశ్వరం దాకా 21 దీవులున్నాయి. అక్కడ ఒకప్పుడు సున్నం కోసం ప్రవాళాలు పడవలకొద్దీ తవ్వుకుపోయారు. రెండు దీవులు నీటమునిగాయి కూడా. 2000 తరువాత అక్కడ అక్రోపోరా ముక్కలను కాంక్రీటు చట్రాల మీద కట్టి నాటుతున్నారు. చాలావరకు బతికాయి, చేపలు తిరిగి వచ్చాయి. కాబట్టి నాటడం పనిచేస్తుంది. చిక్కేమిటంటే నాటడానికి వీలైనవి, త్వరగా పెరిగేవి ఈ కొమ్మల ప్రవాళాలే. 2010లో, 2016లో వేడి వచ్చినప్పుడు ముందు తెల్లబడ్డవీ అవే. అందుకని నేనైతే నాటేముందు చోటు చూడమంటాను. పక్కనే లోతు నుంచి చల్లటి నీళ్లు వచ్చే చోటు, గత రెండుసార్లూ తెల్లబడినా బతికిన పొదల దగ్గరి ముక్కలు. అలాంటి పొదలు నార్త్ బేలో కూడా కొన్ని మిగిలాయి. వాటిని ముందు గుర్తుపెట్టి, లెక్క రాసి, వాటి జోలికి ఎవరూ పోకుండా చూడాలి. నాటడం ఆ తరువాత.